పొట్ట మీదున్న చేను

డెల్టా రైతు నవలకు ఉపమానాలు పొలంలోనే పండుతాయి. ‘మాలపల్లి’ నుంచి ‘మట్టిమనిషి’ దాకా ఒక చూపు.

అక్టోబరులో విజయవాడ దాటి బందరు రోడ్డు మీద కంకిపాడు వైపు వెళ్లి, ఏ గట్టు మీదైనా ఆగి రైతు మాట వినండి. చేను దుబ్బు కట్టిందంటాడు. చిరుపొట్ట మీదుందంటాడు. ఇంకొన్నాళ్లకు ఈనిందంటాడు, పాలు పోసుకుందంటాడు. ఆవుకూ ఆలికీ వాడే మాటలే పైరుకూ వాడతాడు. ఆ దశలో తుఫాను వస్తే ‘పొట్ట కొట్టింది’ అంటాడు. చేను పొట్టా ఇంటిల్లిపాది పొట్టా ఆ ఒక్క మాటలో కలిసిపోతాయి.

కరువుకు పెట్టిన పేరు

బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట 1855లో పూర్తయింది. అంతకు రెండు దశాబ్దాల ముందు, 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసిన కరువును జనం ‘డొక్కల కరువు’ అన్నారు. దొరల కాగితాల్లో అది గుంటూరు కరువు. ఎముకలు తేలిన మనుషుల్ని కళ్లారా చూసినవాళ్లకు ఊరి పేరు చాలలేదు.

ఆనకట్టతో కాలవ కింద పొలాలు మాగాణి అయ్యాయి. నీళ్లు తెచ్చిన సిరి మాత్రం అందరి గాదెలకూ చేరలేదు. డెల్టా రైతు నవల అక్కడ మొదలైంది.

చచ్చినా గెలిచిన పేరు

ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన ‘మాలపల్లి’ 1922లో వచ్చింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నవలకు రెండో పేరు ‘సంగవిజయం’. సేద్యం చేసుకు బతికే మాల కుటుంబం రామదాసుది. అతని కొడుకు సంగదాసు భూస్వామి చౌదరయ్య చేతిలో చనిపోతాడు. కానీ సంగమంటే కూడి నిలిచే జనం కూడా. మనిషిని చంపగలిగిన చెయ్యి ఆ పేరును చంపలేకపోయింది. ఉన్నవ ఉపమానం వాక్యాల్లో కన్నా ముందు బారసాలలోనే ఉంది.

ఒకే మట్టి, రెండు అర్థాలు

సుమారు అర శతాబ్దం తర్వాత చేబ్రోలు ఆడపడుచు వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’ రాశారు. పాలేరుగా బతుకు మొదలుపెట్టిన తండ్రి సంపాదించిన భూమిని సాంబయ్య ఎకరం మీద ఎకరంగా పెంచుతాడు. కొడుకు వెంకటపతి, కోడలు వరూధిని పట్నం చేరి ఆ భూమిని కరగదీస్తారు. చివరికి మనవడు రవి తాతతో పాటు మట్టి దగ్గరికి వస్తాడు.

తెలుగులో మట్టి మామూలు మాట కాదు. బువ్వ పోతే ‘నోట్లో మట్టి కొట్టారు’ అంటాం. పూడ్చిపెడితే ‘మట్టి చేశాం’ అంటాం. తిండీ చావూ ఆ రెండక్షరాల్లోనే ఉన్నాయి. సాంబయ్యకు మట్టి అన్నం. వరూధినికి అదే మట్టి మురికి. నవలలోని తగాదా అంతా ఆ ఒక్క మాటకు అర్థం ఎవరు చెప్పాలన్నదే.

అమెరికా రచయిత జాన్ స్టెయిన్‌బెక్ 1939లో ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’లో రైతుల్ని నేల మీంచి గెంటేసే బ్యాంకును రాకాసిగా చూపించాడు. రోడ్డు దాటే తాబేలులో వలస బతుకును చూపించాడు. మన నవలల్లో రాకాసి అక్కర్లేకపోయింది. చౌదరయ్య ఊళ్లోవాడే, వరూధిని ఇంటి మనిషే. శత్రువుకు ముఖం ఉన్నచోట పోలిక శత్రువు మీద కాక, పోయిన నేల మీద వాలింది.

మిషను కోసుకుపోయే మాటలు

ఇప్పుడు కోత మిషను వచ్చాక కుప్పలూ నూర్పిళ్లూ తగ్గాయి. వెదజల్లే సాగు వచ్చినచోట నారుమడితో పనిలేదు. గడ్డివెంటి చుట్టి ధాన్యం దాచే పురి చూసిన పిల్లలు ఎందరు? పని పోతే, దాన్ని పట్టుకుని బతికిన ఉపమానమూ పోతుంది. రేపటి నవలాకారుడికి పొట్ట మీదున్న చేను నిఘంటువులో మాత్రమే దొరికితే అది మన లోపమే.

ఈ రెండు పుస్తకాలూ చదివేటప్పుడు సేద్యం తెలిసిన పెద్దవాళ్లనెవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి. పురి ఎలా కట్టేవారో, చేను ఈనిందని ఎలా పోల్చుకునేవారో అడగండి. విన్నది రాసిపెట్టుకోండి.