పసిబిడ్డ తలను ఒకసారి నిదానంగా చూడండి

అకీఖా నాడు వెంట్రుకలు తీయించాక బిడ్డ తల ఆకారం స్పష్టంగా కనబడుతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తల్లిదండ్రులకు మా మనవి: ఆ రోజు కాస్త నిదానంగా చూడండి.

మెదడు పెరిగేందుకు వీలుగా పసివాళ్ల పుర్రె ఎముకల మధ్య అతుకులు వదులుగా ఉంటాయి. సుమారు 2,000–2,500 మందిలో ఒకరికి ఏదో ఒక అతుకు ముందే మూసుకుపోతుంది. దీన్నే డాక్టర్లు క్రేనియోసినోస్టోసిస్ అంటారు. తల పడవలా పొడుగ్గానో, నుదురు ముక్కోణంగానో తయారవుతుంది. లోపల ఒత్తిడి పెరిగితే చూపు దెబ్బతినవచ్చు, ఎదుగుదల వెనకబడవచ్చు.

ఒకే పక్కకు పడుకోబెట్టడంవల్ల అణిగిన తల చాలావరకు సర్దుకుంటుంది. ఇది సర్దుకోదు. నీళ్లు పోసేటప్పుడు తల ఎంత ఒత్తినా మూసుకున్న అతుకు విడదు. ఆపరేషన్ అవసరమైతే సాధారణంగా మొదటి ఏడాదిలోనే చేస్తారు. అందుకే ‘పెద్దయ్యాక సరిపోతుందిలే’ అనుకోకుండా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించి, తల చుట్టుకొలత తీయించండి.