శుభలేఖకు మూస కట్టుట

పెండ్లి కుదిరిన పిమ్మట మన ఇండ్లలో మొదలగు పనులలో శుభలేఖ అచ్చువేయించుట ఒకటి. పూర్వము మనము ముసాయిదాను చేతబట్టుకొని ఛాపఖానాకు పోయి, ప్రూఫు చూచి, తప్పులు దిద్ది వచ్చెడివారము. నేడు భూపాలపల్లి వంటి బొగ్గుగనుల పట్టణమునందు ఇంట కూర్చుండియే సెల్‌ఫోనులో నమూనాను ఎంచుకొని, పేర్లు నింపి, ఆన్‌లైనులో కార్డులకు ఆర్డరు చేయవచ్చును. ఈ సౌకర్యమునకు ఆధారము ముందుగా సిద్ధపరచియుంచిన మూస.

కంసాలి బంగారము కరగించు పాత్రను మూస యందురు. ఇచ్చటి మూసలో కరగునది అక్షరము. అందు కొంత భాగము స్థిరము, కొంత మారునది. గణపతి బొమ్మ, అంచు, ఆహ్వాన వాక్యము స్థిరములు. వధూవరుల పేర్లు, ముహూర్తము, వేదిక మారునవి. స్థిరమైనదానిని ఎవరును కదల్పకుండ బంధించి, మారుదానికి గడి విడుచుటయే మూస కట్టువాని మొదటి కర్తవ్యము.

గడి యెంత యుండవలెను? 'రవి', 'రమ' అను పేర్లతో పరీక్షించిన ప్రతి గడియు చాలినట్లే తోచును. మిక్కిలి పొడవైన పేరుతో పరీక్షింపవలెను. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మన జిల్లాకు నేటి పేరు జయశంకర్ భూపాలపల్లి. 'వరంగల్లు'కు సరిపోయిన గడి దీనికి చాలదు. అట్టిచోట అక్షరమును చదువరానంత చిన్నది చేయుటకన్న రెండవ పంక్తికి చోటు విడుచుట మేలు.

తెలుగు లిపికి పైన గుడులు, క్రింద ఒత్తులు గలవు. పంక్తుల నడుమ ఎడము చాలనిచో 'లక్ష్మి'లోని ఒత్తులు క్రింది పంక్తిని తాకును. మరియొక చిక్కు ఫాంటుది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పునందే తెలుగునకు స్థానము లభించినది. సెల్‌ఫోనులో మనము వ్రాయునది యూనికోడే. మూస పాత డి.టి.పి. ఫాంటులో ఉన్నచో ఆ పేరు గుర్తింపరాని గీతలగును. కావున మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంటులను వాడి, పి.డి.ఎఫ్.లో వానిని పొదిగి పంపవలెను. కాగితము కోయునపుడు తెల్లని అంచు మిగులకుండుటకై రంగును నలువైపుల 3 మిల్లీమీటర్లు అదనముగా పొడిగించుట, బొమ్మలను అంగుళమునకు 300 చుక్కల సాంద్రతతో ఉంచుట వాడుక.

అన్నిటికన్న జాగ్రత్త వలసినది ముహూర్తపు గడి. పంచాంగమున వారము సూర్యోదయముతో మారును. క్యాలెండరులో అర్ధరాత్రితో మారును. బుధవారము రాత్రి 1 గంట 30 నిమిషముల ముహూర్తము క్యాలెండరు లెక్కకు గురువారము. తేదీనిబట్టి వారమును యంత్రమే నింపునట్లు మూస కట్టినచో, బంధువులు ఒకనాడు ముందో వెనుకో వచ్చి నిలుతురు. 'బుధవారము రాత్రి, తెల్లవారితే గురువారము' అని ఇంటివారే వ్రాసుకొను చోటుండవలెను.

చివరకు, ఆర్డరు మీటను నొక్కకముందు నింపిన ప్రతిని మొదటినుండి తుదివరకు చూపించు ఏర్పాటు మూసలో తప్పక ఉండవలెను. దానిని ఇంట ఇద్దరు, అందొకరు పెద్దవారు, పైకి చదువుదురు గాక. మూస ఎంత చక్కనిదైనను మన బిడ్డ పేరు అదికాదని దానికి తెలియదు, మనకు తెలియును. పంచిన కార్డును మరల దిద్దుట ఎవరి తరము?