ట్యాక్సీకి మన గుమ్మం ఎలా తెలిసింది?

తెల్లవారుజామున నాలుగు గంటలు. మీ మామయ్య ఢిల్లీ విమానం ఎక్కాలి. ఇల్లేమో హైదరాబాదు మెహదీపట్నంలో, విమానాశ్రయమేమో ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరాన శంషాబాదులో. వీధిలో ఒక్క ఆటో కూడా లేదు. మామయ్య మంచం మీదనే కూర్చుని సెల్‌ఫోను మీద వేలితో రెండుసార్లు తట్టాడు. ఆరు నిమిషాల్లో కారు వచ్చి సరిగ్గా గుమ్మం ముందు ఆగింది. ఆ డ్రైవరు మామయ్యను ఎన్నడూ చూసి ఎరగడు. దారిలో ఎవరినీ అడ్రసు అడగలేదు. బేరం కూడా జరగలేదు.

మీకిది మామూలు విషయమే కావచ్చు. మీ తాతగారి నడిగి చూడండి. ఆయన రోజుల్లో స్టేషను బయట సామానుతో నిలబడి, నలుగురు రిక్షావాళ్ళతో బేరమాడి, చివరకు మొదట అడిగినవాడి దగ్గరికే తిరిగి వెళ్ళేవారు! ఇలా ఫోనుతో బండిని పిలిచే సేవను ఉబర్ కంపెనీ 2010లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టింది. మన దేశంలో ఓలా కంపెనీ కూడా ఆ సంవత్సరమే పుట్టింది. కంపెనీల సంగతి అలా ఉంచుదాం. మనకు కావలసినది వాటి వెనక ఉన్న లెక్క.

మొదటి ప్రశ్న. మామయ్య ఎక్కడున్నాడో ఫోనుకు ఎలా తెలిసింది?

వానాకాలంలో మీరు మెరుపు చూసి, ఉరుము వినబడేదాకా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టే ఉంటారు. శబ్దం సెకనుకు సుమారు 330 మీటర్లు పోతుంది. ఉరుము ఆరు సెకన్లకు వినిపిస్తే పిడుగు పడ్డ చోటు సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నదన్న మాట. కాలం తెలిస్తే దూరం తెలిసింది. ఫోను చేసే పని కూడా ఇదే. మనకు 20,200 కిలోమీటర్ల ఎత్తున జి.పి.ఎస్. ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. ప్రతి ఉపగ్రహమూ “నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైము ఇంత” అని రేడియో తరంగాల ద్వారా ఎడతెగకుండా చాటుతూ ఉంటుంది. ఆ తరంగాలు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తాయి. నెత్తిమీద ఉన్న ఉపగ్రహం నుంచి మీ చేతిలోని ఫోనుకు చేరటానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యమయిందో చూసుకుని ఫోను దూరం లెక్కకడుతుంది.

ఒక్క ఉపగ్రహం దూరం తెలిస్తే చాలదు. “నేను చార్మినారుకు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నాను” అంటే మీరు ఎక్కడున్నట్టు? చార్మినారు చుట్టూ గీసిన వృత్తం మీద ఎక్కడైనా ఉండవచ్చు. గోలకొండ నుంచి దూరం కూడా చెబితే రెండు వృత్తాలు రెండు చోట్ల ఖండించుకుంటాయి. మూడో గుర్తు చెబితే ఒక్క చోటే మిగులుతుంది. ఆకాశంలోనూ అంతే, కాకపోతే అక్కడ వృత్తాలకు బదులు గోళాలు. మరి ఫోను కనీసం నాలుగు ఉపగ్రహాలను ఎందుకు వెతుక్కుంటుంది? ఫోనులోని గడియారం అంత నమ్మదగినది కాదు గనుక. గడియారంలో సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది, అంటే కారు పక్క వీధికి పోతుంది. నాలుగో ఉపగ్రహం సాయంతో ఫోను తన గడియారం తప్పును తానే దిద్దుకుంటుంది.

ఉపగ్రహాల్లో ఉండేవి పరమాణు గడియారాలు. వాటికీ ఒక చిక్కు ఉన్నది. భూమి ఆకర్షణ తక్కువగా ఉన్న చోట కాలం కొంచెం త్వరగా నడుస్తుందనీ, వేగంగా పోయే గడియారం కొంచెం నెమ్మదిస్తుందనీ ఐన్‌స్టయిన్ చెప్పాడు. రెండూ కలిపి చూస్తే జి.పి.ఎస్. గడియారాలు రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. దీన్ని సరిచేయకపోతే ఒక్క రోజులో పదకొండు కిలోమీటర్ల తప్పు పేరుకుంటుంది. సాపేక్ష సిద్ధాంతం తెలియని ట్యాక్సీ మిమ్మల్ని విమానాశ్రయంలో దించలేదు!

గడియారాలు పాడయితే ఏమవుతుందో మన దేశానికి అనుభవమే. మన సొంత స్థాననిర్ణయ ఉపగ్రహాలలో మొదటిది 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి లేచింది. దానిలోని మూడు పరమాణు గడియారాలూ తర్వాత ఒకటొకటిగా ఆగిపోయాయి. ఉపగ్రహం ఆకాశంలో నిక్షేపంగా తిరుగుతూనే ఉన్నది, కాని ఎవరికీ దారి చూపలేకపోయింది. టైము చెప్పలేనివాడు దూరం ఏం చెబుతాడు? దాని స్థానంలో 2017లో పంపినది ఉష్ణకవచం ఊడక విఫలమయింది. 2018లో పంపినది కక్ష్య చేరింది.

ఇన్ని ఉన్నా ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోను చెప్పే స్థానానికి సుమారు ఐదు మీటర్ల అటూ ఇటూ ఉంటుంది. మేడల మధ్య ఇంకా ఎక్కువ. తరంగాలు గోడలకు తగిలి చుట్టుదారిన వస్తాయి గనుక దూరం ఎక్కువని ఫోను మోసపోతుంది. ఎత్తు విషయంలో అది మరీ బలహీనం. ఇది నేను మెహదీపట్నంలోనే నేర్చుకున్నాను. అక్కడి నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పొడవున, 2009లో ప్రారంభమైన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే స్తంభాల మీద పోతుంది. నేను కింద రోడ్డు మీద నిలబడ్డాను. నేను పిలిచిన కారు నా నెత్తి మీదుగా పోయింది! పటంలో ఇద్దరమూ ఒకే చుక్క మీద ఉన్నాం. డ్రైవరు దిగే చోటు చూసుకుని, దిగి, తిరిగి వచ్చేసరికి ఇరవై నిమిషాలు. ఆ వంతెన స్తంభాలకు అంకెలున్నాయి. ఆ ప్రాంతంవాళ్ళు అడ్రసు చెప్పేటప్పుడు ఫలానా నంబరు పిల్లరు దగ్గర అని చెబుతారు. నేను ఫోను చేసి “పిల్లరు పక్కన, కింద” అని ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది.

ఇక రెండో ప్రశ్న. ఊళ్ళో అన్ని కార్లుండగా ఏది రావాలో ఎవరు నిర్ణయించారు?

దగ్గర ఉన్నది రావాలి, అందులో అడగటానికేముంది అంటారా? కాగితం మీద ఒక తిన్నని రోడ్డు గీయండి. ఎడమ చివర ఎర్ర కారు. దానికి నాలుగు నిమిషాల దూరంలో ఒక తాతగారు. ఆయనకు రెండు నిమిషాల దూరంలో తెల్ల కారు. అక్కడికి మూడు నిమిషాల దూరంలో, కుడి చివర, ఒక అక్కయ్య. తాతగారు ముందు పిలిచారు. దగ్గరున్న తెల్ల కారును ఆయనకు ఇచ్చేశాం, రెండు నిమిషాలు. మరుక్షణం అక్కయ్య పిలిచింది. మిగిలినది ఎర్ర కారే. అది 4 + 2 + 3, అంటే తొమ్మిది నిమిషాలు పోవాలి. మొత్తం పదకొండు. ఇప్పుడు మార్చి చూడండి. తెల్ల కారు అక్కయ్యకు, ఎర్ర కారు తాతగారికి. మూడూ నాలుగూ ఏడే! అందుకే ఈ కంపెనీల కంప్యూటర్లు ఒకరు పిలవగానే తొందరపడవు. కొన్ని సెకన్లు ఆగి, ఆ ప్రాంతంలో పిలిచినవారినందరినీ, ఖాళీ కార్లనన్నిటినీ కలిపి జతలు కలుపుతాయి. తాతగారికి రెండు నిమిషాలు నష్టమయిందనుకోండి. “ముందు పిలిచింది నేను గదా!” అని ఆయన కోప్పడితే నా దగ్గర మంచి సమాధానం లేదు.

రెండు కార్లు గనుక చేతితో చేశాం. పది మందికి పది కార్లను 36,28,800 విధాలుగా పంచవచ్చు. అన్నీ వేసి చూడనక్కరలేకుండా మేలైన జతలు కనిపెట్టే పద్ధతిని 1955లో హెరాల్డ్ కూన్ అనే అమెరికా గణితవేత్త ప్రకటించాడు. ఇద్దరు హంగరీ గణితవేత్తల పని మీద ఆధారపడ్డాడు గనుక దానికి హంగరీ పద్ధతి అని పేరు పెట్టాడు. దగ్గరి దారి వెతికే పద్ధతి డచ్చి దేశస్థుడు డైక్‌స్ట్రాది. 1956లో ఆయన ఆమ్‌స్టర్‌డాంలో ఒక హోటల్లో కాఫీ తాగుతూ, కాగితం పెన్సిలు లేకుండా, ఇరవై నిమిషాల్లో దాన్ని ఆలోచించాడు. ట్యాక్సీల కోసం ఇద్దరిలో ఎవరూ కలగనలేదు.

ఈలోగా మన మామయ్య కారెక్కాడు. ఎక్కే ముందు నంబరు ప్లేటు చూసుకున్నాడు. పసుపు పచ్చ పలక మీద నల్ల అక్షరాలుంటే అది బాడుగ బండి. కరెంటుతో నడిచే బాడుగ బండికైతే ఆకుపచ్చ పలక మీద పసుపు అక్షరాలు. తర్వాత ఫోనులోని నాలుగు అంకెలు డ్రైవరుకు చెప్పాడు. నాలుగు అంకెలతో పదివేల సంఖ్యలు వస్తాయి. వేరే బండి వాడు ఊహించి చెప్పటం కష్టం. మీరు ఒంటరిగా వెళ్ళవలసి వస్తే పలకా అంకెలూ రెండూ చూడందే ఎక్కకండి. ప్రయాణం వివరాలు ఇంటికి పంపే మీట కూడా ఆ ఫోనులోనే ఉంటుంది. అత్యవసరమైతే 112.

“నలభై ఐదు నిమిషాలు” అంటున్నది ఫోను. ఇది నమ్మవచ్చునా? రోడ్డు మీద పోతున్న ఫోన్లు ఎంత వేగంతో కదులుతున్నాయో చూసి కంప్యూటరు ఈ అంచనా కడుతుంది. ఒకే దారిలో ఐదు రోజులు 40, 42, 45, 48, 75 నిమిషాలు పట్టిందనుకోండి. సగటు 50. సగటును నమ్మి యాభై నిమిషాల ముందు బయలుదేరినవాడు నాలుగు రోజులు హాయిగా చేరతాడు, ఐదో రోజు పాతిక నిమిషాలు ఆలస్యమవుతాడు. సినిమాకయితే టైటిల్సు పోతాయి. విమానానికయితే టిక్కెట్టే పోతుంది. దేశంలో తిరిగే విమానాలకు సామాను కౌంటరు ఇంచుమించు గంట ముందే మూసేస్తారు. అందుచేత విమానానికి వెళ్ళేవాడు సగటు రోజును కాక చెడ్డ రోజును లెక్క వేసుకోవాలి.

ఛార్జీ మాటేమిటి? వాన పడినప్పుడు అరవై మంది పిలుస్తారు, ఇరవై కార్లే ఉంటాయి. కంప్యూటరు రేటు పెంచుతుంది. కొందరు ఆగుదాంలే అనుకుంటారు, ఇంటికి పోతున్న డ్రైవర్లు కొందరు వెనక్కి తిరుగుతారు. లెక్క సరిపోతుంది. కాని ఆస్పత్రికి పోవలసినవాడు ఆగుదాంలే అనుకోలేడు గదా! అందుకే దీనికి హద్దు పెట్టవలసి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు మూల ఛార్జీకి ఒకటిన్నర రెట్లు దాటరాదన్నాయి. 2025 జూలైలో ఆ హద్దు రెండు రెట్లయింది. అమలు జరపవలసినది రాష్ట్ర ప్రభుత్వాలు. శంషాబాదుకు ఆర్.టి.సి. వారి పుష్పక్ బస్సులు కూడా ఉన్నాయి. వాటి టిక్కెట్టు వానకు పెరగదు.

మామయ్య ఐదున్నరకు విమానాశ్రయంలో దిగి లోపలికి పోయాడు. డ్రైవరు కథ ఇంకా ఉన్నది. ఊళ్ళోనైతే దగ్గరితనం చూసి బేరం ఇస్తారు. విమానాశ్రయంలో అలా ఇస్తే కార్లన్నీ గుమ్మం దగ్గరే మూగుతాయి. అందుచేత అక్కడ వేరే పద్ధతి. పటం మీద ఒక ఊహా కంచె గీస్తారు. కారు ఆ కంచెలోకి రాగానే డ్రైవరు ఫోనులో వరుస నంబరు పడుతుంది. ముందు వచ్చినవాడికి ముందు. కంచె దాటి టీ తాగటానికి పోతే వరుస పోయినట్టే. ఖాళీగా ఊళ్ళోకి తిరిగి పోదామంటే ఇరవై కిలోమీటర్ల పెట్రోలు తన చేతి డబ్బు. ఉందామంటే ఎన్ని గంటలో తెలియదు. ఏ విమానం ఎప్పుడు దిగుతుందో, అందులో ఎంతమంది ట్యాక్సీ పిలుస్తారో లెక్క వేయాలి. ఈ లెక్క మాత్రం కంప్యూటరు చేసిపెట్టదు, డ్రైవరే చేసుకోవాలి.

మన డ్రైవరు ఫోను చూసుకున్నాడు. వరుసలో తన ముందు నలభై రెండు కార్లున్నాయి. సీటు వెనక్కి వాల్చి, ఫోను గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.