సమాచార ధర్మము – ఒక నాటక పాఠము

ఇతరుల వివరములను సేకరించినవాడు వాటికి యజమాని యగునా? ఈ ప్రశ్నను మేము ఉపన్యాసముతో గాక చిన్న నాటకముతో బోధించితిమి. ఒక బాలిక తల్లి వేషము ధరించినది. బిడ్డ మార్కులు, ఫొటోలు కోరు కంపెనీ ప్రతినిధిగా కృత్రిమ మేధను నిలిపితిమి. (బిడ్డ పేరు కల్పితమే సుమా!) అది మిక్కిలి మర్యాదగా మాటలాడినది. తల్లి మెత్తబడి సమ్మతింపబోవుచుండగా వెనుక బల్లనుండి ఒక బాలుడు, "ఎన్నాళ్లు దాచుదురు?" అని అడిగెను. "30 దినములలో చెరిపివేయుదుము" అని తడుముకొనక జవాబు వచ్చినది. మేమిచ్చిన సూచనలలో అట్టి గడువే లేదు! మాట వెంట మాట పొసగునట్లు కూర్చుటయే గాని, నిజమా యని విచారించుట దాని పని కాదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టములో 18 ఏండ్లు నిండనివారి వివరములకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని యున్నది. సమ్మతికి ముందు అడుగదగిన ప్రశ్నలను పిల్లలే నల్లబల్లపై వ్రాసిరి. మొదటిది: "ఈ వివరము మీకెందుకు?"