పొదుగువాపు - పాల నాణ్యత

పాల తెలుపును చూసి వాటి మంచిచెడులను నిర్ణయించడం లోకరీతి. పొదుగువాపు వ్యాధి విషయంలో ఈ కొలబద్ద చాలదు. వ్యాధి బయటపడినప్పుడు గుర్తించడం సులభమే. పొదుగు ఎర్రబడి, గట్టిపడి, తాకితే వేడిగా ఉంటుంది. ఆవు పాలు పితకనీయదు. పాలలో తరకలు, ఒక్కొక్కప్పుడు నెత్తురు జీర కనిపిస్తాయి. అటువంటి పాలను ఎవరూ కాచుకోరు. చిక్కంతా పైకి కనిపించని పొదుగువాపుతోనే వస్తుంది. అందులో పొదుగు మామూలుగానే ఉంటుంది. పాలూ తెల్లగానే ఉంటాయి.

ఈ వ్యాధిని ఎక్కువగా బాక్టీరియాలు కలిగిస్తాయి. స్టెఫిలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే వాటిలో ముఖ్యమైనవి. రెండవదాని పేరులోని గ్రీకు మాటకు పాలు లేకపోవడమని అర్థం. రోగఫలమే రోగకారకానికి పేరయిందన్నమాట! ఇవి చన్ను రంధ్రం గుండా లోపలికి చేరగానే, వాటిని ఎదుర్కోవడానికి రక్తం నుండి తెల్లకణాలు పొదుగులోకి వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పొదుగునుండి వచ్చే పాలలో మిల్లీలీటరుకు కణాలు సాధారణంగా 1,00,000 లోపు ఉంటాయి. 2,00,000 దాటితే వ్యాధి సోకిందని అనుమానిస్తారు. ఐరోపా సమాఖ్యలో పచ్చి ఆవుపాలకు విధించిన పరిమితి 4,00,000.

ఈ పోరాటంలో పాలను తయారుచేసే కణజాలం దెబ్బతింటుంది. పాలకు తీపినిచ్చే లాక్టోజు తగ్గుతుంది. రక్తంలోని సోడియం, క్లోరైడు పాలలోకి చొరబడి ఉప్పదనం తెస్తాయి. అన్నిటికంటె పెద్ద నష్టం కేసీన్ అనే మాంసకృత్తుకు కలుగుతుంది. అది తక్కువగా తయారవుతుంది. తయారైనదానిని కూడా ప్లాస్మిన్ అనే ఎంజైము ముక్కలు చేస్తుంది. పెరుగుకు గట్టిదనమిచ్చేది కేసీనే కనుక, ఆ పాలు తోడుపెడితే పెరుగు పలచబడుతుంది. చీజ్ దిగుబడి తగ్గుతుంది. పాలు కాచితే సూక్ష్మజీవులు నశిస్తాయి గాని, పోయిన కేసీన్ తిరిగి రాదు. పైగా పాలు చల్లబరచకుండా నిలవ ఉంచితే స్టెఫిలోకాకస్ ఆరియస్ విషపదార్థాన్ని పుట్టించవచ్చు. ఆ విషం కాచినా పోదు.

చికిత్సలోనూ ఒక మెలిక ఉంది. పొదుగులోకి ఎక్కించే యాంటీబయాటిక్ మందు కొన్ని రోజులపాటు పాలలో కనిపిస్తుంది. ఆ పాలు పెరుగును తోడుకొనిచ్చే మేలైన బాక్టీరియాను చంపుతాయి. మందు పడనివారికి హాని చేస్తాయి. అందువల్ల పశువైద్యుడు చెప్పిన గడువు ముగిసేదాకా వాటిని అమ్మరాదు. ఒకటి రెండు ఆవులతో బతుకు గడుపుకొనే కుటుంబానికి ఇది కఠినమైన నియమమే. మన పాల సేకరణ కేంద్రాలలో సాధారణంగా వెన్నను, ఇతర ఘనపదార్థాలను బట్టి ధర కడతారు. కణాల లెక్క అక్కడ తేలదు. కనుక తొలిదశలో వ్యాధిని పట్టుకొనే భారం పాలు పితికేవారిపైనే ఉంటుంది.

అందుకు 1957లో రూపొందిన కాలిఫోర్నియా పరీక్ష అనుకూలమైనది. పొదుగులోని నాలుగు భాగాల పాలను నాలుగు గుంటల పళ్లెంలోకి విడివిడిగా పితికి, సమానంగా ద్రావణం కలిపి తిప్పుతారు. కణాలు ఎక్కువైతే మిశ్రమం జిగురుగా చిక్కబడుతుంది.

పితికే తీరులోనూ జాగ్రత్త అవసరం. బొటనవేలు మడిచి చన్నును నొక్కితే లోపలి పొర గాయపడుతుంది. పిడికిలితో పితకడం మేలు. పితికిన తరువాత సుమారు అరగంటవరకు చన్ను రంధ్రం పూర్తిగా మూసుకోదు. ఆ సమయంలో ఆవు పేడనేలపై పడుకోకుండా ముందు మేత వేసి నిలబెట్టాలి. వ్యాధి సోకిన ఆవును అన్నిటి తరువాత పితకాలి. దాని పాలను మిగిలిన పాలలో కలపరాదు.