పచ్చబొట్టుకు కట్టు: దాచడానికి కాదు, మానడానికి



ఈ మధ్య మా డ్రెస్సింగ్ గదికి ఒక యువకుడు వచ్చాడు. మండు వేసవిలో నిండు చేతుల చొక్కా తొడుక్కున్నాడు. చెయ్యి మడిచి చూస్తే ముంజేతి మీద కొత్తగా పొడిపించుకున్న సిలువ గుర్తు, దాని మీద నాలుగు రోజులుగా విప్పని ప్లాస్టిక్ కవరు. లోపల చీము పట్టింది. నాన్నగారు కోప్పడతారని దాచాడట. మందులు వాడి, రోజూ కట్టు మార్చిన తరువాత తగ్గింది.

పచ్చబొట్టు వేయించుకోవచ్చా, కూడదా అనే చర్చ ఇక్కడ చేయడం లేదు. వేయించుకున్నాక మాత్రం అది ఒక గాయం. దాన్ని గాయంగానే చూసుకోవాలని మా మనవి.

గాలి తగిలితే త్వరగా మానుతుందా?

సూది పైచర్మాన్ని దాటి, సుమారు 1 నుండి 2 మిల్లీమీటర్ల లోతున రంగును వదులుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు రసి, కొద్దిగా రక్తం, రంగు ఊరడం సహజం. పైచర్మం మూసుకోవడానికి 2 నుండి 3 వారాలు పడుతుంది.

గాయాన్ని ఆరబెట్టి చెక్కు కట్టనివ్వాలని మన పెద్దలు అంటారు. కాని 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మంపై పరిశోధించి, పల్చని పొరతో కప్పి తేమగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పెరుగుతుందని చూపించాడు. చెక్కు కడితే కొత్త చర్మం దాని కిందుగా దారి చేసుకుని పాకాలి. తేమ ఉంటే ఆ పని సులువవుతుంది.

ఏ కట్టు మంచిది?

1. పారదర్శక ఫిల్మ్: సెలైన్ ఎక్కించేటప్పుడు సూది కదలకుండా సిస్టర్లు అంటించే పల్చని స్టిక్కరు వంటిది. గాలి, చెమట ఆవిరి దీనిలోనుండి పోతాయి. నీరు, సూక్ష్మక్రిములు లోపలికి రావు.

2. గాయానికి అంటుకోని గాజుగుడ్డ: మందుల షాపులో దొరికే పారాఫిన్ గాజు వంటిది. దీన్ని రోజూ మార్చాలి.

3. దూది వద్దు. పోగులు గాయంలో అతుక్కుని, తీసేటప్పుడు కొత్త చర్మాన్ని లాగేస్తాయి.

4. వంటింటి ప్లాస్టిక్ కాగితం, క్యారీ బ్యాగు వద్దు. చెమట, రసి లోపలే నిలిచి క్రిములు పెరుగుతాయి. పచ్చబొట్టు వేసినవారు ప్లాస్టిక్ చుట్టి పంపితే కొద్ది గంటల్లోనే తీసివేయండి.

ఫిల్మ్ ఎలా వాడాలి?

చేతులు సబ్బుతో కడుక్కోండి. గాయాన్ని వాసన లేని సబ్బుతో, శుభ్రమైన నీటితో కడిగి, రుద్దకుండా అద్ది ఆరనివ్వండి. నాలుగు వైపులా ఒక అంగుళం ఎక్కువ ఉండేలా ఫిల్మ్ అంటించండి. మొదటి రోజు కింద నల్లని రసి చేరుతుంది, భయపడవద్దు. సుమారు 24 గంటలకు తీసి, కడిగి, కొత్తది వేయండి. అది 3 నుండి 5 రోజులు ఉండవచ్చు. అయితే మన ఎండలకు చెమట పట్టి అంచు లేచినా, రసి కారినా వెంటనే తీసివేయాలి. తీసేటప్పుడు పైకి పీకకుండా, గోరువెచ్చని నీటి కింద పక్కకు సాగదీయండి. ఫిల్మ్ అంటిన చోటంతా ఎర్రబడి దురద పెడితే ఆ జిగురు మీకు పడలేదని అర్థం. మళ్ళీ వాడవద్దు.

తరువాత రోజుకు రెండుసార్లు కడిగి, పల్చగా వాసెలిన్ రాస్తే చాలు. పసుపు, ఆకుపసరు, బూడిద పెట్టకండి. చెక్కులు గిల్లకండి. మానేవరకు చెరువులో, కాలువలో స్నానం వద్దు.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

• రెండు మూడు రోజుల తరువాత నొప్పి తగ్గకుండా సలపరం పెరిగితే
• ఎరుపు చుట్టూ పాకినా, ఎర్రని చారలు కనిపించినా
• చీము, దుర్వాసన, జ్వరం ఉన్నా, చంకలో బిళ్ళలు కట్టినా

చీము పట్టిన గాయం మీద ఫిల్మ్ వేయరాదు. షుగరు వ్యాధి ఉన్నవారు ఏ చిన్న మార్పు కనిపించినా ఆలస్యం చేయవద్దు.

కట్టు చేయలేని పని

ఎంత మంచి కట్టయినా బయటి క్రిములనే ఆపుతుంది. సూదితో లోపలికి వెళ్ళినవాటిని ఆపలేదు. తిరునాళ్ళలో ఒకే సూదితో పలువురికి పొడిస్తే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. సోకే ప్రమాదముంది. కాబట్టి కొత్త సూది మీ ఎదుటే విప్పాలి, రంగు వేరే కప్పులో పోయాలి. టీటీ ఇంజక్షను, హెపటైటిస్ బి టీకా గురించి ముందే డాక్టరును అడగండి. పచ్చబొట్టు వేయించుకున్నవారు 12 నెలల వరకు రక్తదానం చేయరాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. కోపం తరువాత, ముందు చెయ్యి చూడండి. యౌవనులారా, గాయాన్ని కప్పండి గాని మీవారి దగ్గర దాచకండి. ఆ అబ్బాయిని చివరకు మా వద్దకు తీసుకొచ్చింది ఆ నాన్నగారే.

దేవుడు మీ కుటుంబములను ఆరోగ్యముతో కాపాడును గాక.