ఎవరి కుక్క?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు ఏ ఊరి బడిలో చదువుకున్నవాళ్లయినా సుమతీ శతకంలోని కుక్క పద్యం వినే ఉంటారు. మంచి ముహూర్తాన బంగారు సింహాసనం మీద కూచోబెట్టి పట్టం కట్టినా దాని పాత గుణం పోదంటుంది ఆ పద్యం. మా సారు తాత్పర్యం చెప్పేటప్పుడు కుక్కను వదిలేసి ‘నీచునికి పదవి ఇస్తే అంతే’ అన్నడు. వెనక వరుసలో మాదిగ పిల్లలం నలుగురం. ఎవరి దిక్కు చూడకుండ పలక దిక్కే చూసినం. రిజర్వేషన్ల మాట వచ్చినప్పుడల్లా ఆ తాత్పర్యమే వేరే మాటల్లో ఇప్పటికీ వినబడుతుంది.

సాహిత్యంలో కుక్క ఊరికే రాదు. ఊరికీ వాడకూ మధ్య గీత ఎక్కడుందో అక్కడ నిలబడుతుంది. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుర్ని, శ్వపచుల్ని ఊరి బయట ఉండమని, కుక్కలు గాడిదలే వాళ్ల సొత్తు అని శాసించింది. ‘శ్వపచ’ అంటేనే కుక్కను వండుకునేవాడని అర్థం. కుక్క పేరుతోనే కులానికి పేరు పెట్టిన్రు.

కాబట్టి ఏ కథలో కుక్క కనబడినా మనం అడగవలసిన మొదటి ప్రశ్న: అది ఎవరి కుక్క?

ఏకలవ్యుడి కథ తీసుకోండి. అడవికి వేటకొచ్చిన పాండవుల వెంట ఒక కుక్క ఉంది. నల్లటి ఒళ్లు, మట్టి, జింక చర్మం, జడలు. వ్యాసుడు ఈ వర్ణన చేసి మరీ, ఆ నిషాదుణ్ణి చూసి కుక్క మొరిగిందని చెప్తాడు. ఏకలవ్యుడు ఏడు బాణాలతో దాని నోరు మూయించాడు. అది అట్లనే పాండవుల దగ్గరికి పోయింది, సంగతి ద్రోణుడి దాకా పోయింది, బొటనవేలు పోయింది. పంచములో ఆదివాసులో వస్తే గుర్తుపట్టి మొరిగే కుక్క, కబురు మోసే కుక్క. గడీల ముందర ఇట్లాంటివి మన పెద్దోళ్లు చూసినయే.

1988 నుంచి 1990 దాకా దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున మహాభారతం సీరియల్ వచ్చేది. మా ఊళ్లో టీవీ ఉన్నది ఒక్క ఇంట్లో. వాడ పిల్లలం వాకిట్లో నిలబడి కిటికీలోంచి చూసేటోళ్లం. ఆ ఇంటి కుక్క అరుగు మీద పండుకునేది. గాంధీని కలిసినప్పుడు 1931లో అంబేద్కర్, కుక్కలకన్నా పిల్లులకన్నా హీనంగా చూసే దేశాన్ని నాదని ఎట్లా అనుకోనని అడిగాడు. ఆ మాట చదివినప్పుడు నాకు ఆ అరుగే యాదికొచ్చింది.

కుక్కను గౌరవించే కథలు లేవా అంటారు. ఉన్నయి. వాటినే ఇంకా జాగ్రత్తగా చదవాలె. ధర్మరాజు వెంట స్వర్గం దాకా నడిచిన కుక్క చివరికి యమధర్మరాజు. శంకరాచార్యుడికి కాశీలో ఎదురైన చండాలుడు శివుడు, అతని నాలుగు కుక్కలు నాలుగు వేదాలు. దత్తాత్రేయుడి పటంలోని నాలుగు కుక్కలూ వేదాలే. అంటే కుక్క వేదం కావచ్చు. కానీ శూద్రుడు వేదం వింటే చెవుల్లో సీసం కరిగించి పోయమంది గౌతమ ధర్మసూత్రం. ఈ కథల్లో కుక్క కుక్కగా, చండాలుడు చండాలుడుగా మిగిలితే పనికిరారు. ఇంకెవరో అయితేనే మొక్కు.

ఉత్తరకాండలో ఇంకో కుక్క ఉంది. ఒక బ్రాహ్మణుడు తల పగలగొట్టాడని రాముడి కొలువుకొచ్చి ఫిర్యాదు చేస్తుంది. రాముడు విచారణ చేసి, శిక్ష ఏమిటో కుక్కనే చెప్పమంటాడు. ఇదీ పోయిన జన్మలో మఠాధిపతే! పండితులు దీన్ని ప్రక్షిప్తం అంటరు. అననీయండి. చేర్చినవాడికి కుక్కకు న్యాయం చేయించాలని తోచింది. అదే కాండలో శంబూకుణ్ణి రాముడు కులం అడిగిండు. జవాబు రాగానే కత్తి దూసిండు.

2003లో హచ్ ఫోన్ ప్రకటనతో టీవీలోకి పగ్ కుక్క వచ్చింది. పిల్లగాడు ఎక్కడికి పోతే అక్కడికి వెంట వస్తది. నగరాల్లో ఆ జాతి కుక్కకు గిరాకీ పెరిగింది. కుక్కల్లో కూడా జాతి చూసే బుద్ధి మనది.

లెక్క తిరగరాసింది తమిళంలో మారి సెల్వరాజ్. 2018లో వచ్చిన ‘పరియేరుం పెరుమాళ్’లో కరుప్పి ఒక దళిత యువకుడి వేటకుక్క. కక్ష మనుషుల మీద, చంపింది కుక్కను: రైలు పట్టాలకు కట్టేసిన్రు. ఊరంతా మనిషికి చేసినట్టే దానికి అంత్యక్రియలు చేస్తుంది. కరుప్పి ఎవరి అవతారమూ కాదు. కుక్కే. తన యజమానుల కులం వల్ల చచ్చిపోయిన కుక్క.

మన దిక్కు అట్లాంటి కథ ఇంకా రాయాలె. నల్లమలలో, అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచులకు కుక్క వేటలో తోడు. ఏకలవ్యుడి కథను ఆ పెంటల నుంచి చెప్పి ఉంటే మొదట మొరిగేది వాళ్ల కుక్కే, అర్జునుణ్ణి చూసి. నాగర్‌కర్నూల్ కాలేజీల విద్యార్థులు ఒక్క ఎండాకాలం సెలవుల్లో ఆ పెంటలకు పోయి, ముసలోళ్ల దగ్గర కూచొని, వాళ్లు తమ కుక్కలకు పెట్టుకున్న పేర్లు, వాటి మీద చెప్పుకునే ముచ్చట్లు రాసుకురావాలె. మాదిగవాడల్లో కూడా అడగండి. మా ఇంటి కుక్క పేరు ఎర్రోడు.